పెరిగే పిల్లోళ్ళ బెంచీలు

ఆ రోజుల్లో మా అనంతపురం పక్క ఏ బిడ్డకూ ఒంటికి సరిపోయే బట్ట అంటూ ఉండేది కాదు. కొత్తదయితే జారిపోతాంటుంది, పాతదయితే పట్టేస్తాంటుంది. ఈ రెండిటి నడుమ సరిగ్గా సరిపోయే రోజులు కొన్ని ఉండే ఉంటాయి, అయితే అవి ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయినాయో చూసినోళ్ళు లేరు. చెప్పులు కొంటే ముందర గుడ్డపేలికలు కుక్కుకొని నడిచేది, చొక్కా కుట్టిస్తే చేతులు మూడు మడతలు పెట్టుకొని తిరిగేది. ఇదేందని అడిగితే ఒకటే జవాబు: "పెరిగే బిడ్డ." ఆ మాటకు ఎదురుమాట లేదు. వానలు ఎన్నిసార్లు మోసం చేసినా, చెనక్కాయ పంట చేతికి రాకపోయినా, బిడ్డలు మాత్రం పెరిగి తీరతారని మా వాళ్ళకు అంత నమ్మకం. ఇప్పుడు తలుచుకుంటే ఆ నమ్మకం మీద నాకు శానా గౌరవం. అప్పట్లో మాత్రం అది నా ఉద్యోగానికే ఎసరు పెట్టింది.

మా నాయన బుక్కరాయసముద్రంలో టైలరు. ఎవరన్నా బిడ్డను తీసుకొస్తే టేపు పెట్టి కొలిచి, ఆ అంకె పైకి చదివి, పుస్తకంలో మాత్రం రెండు ఇంచులు కలిపి రాసేవాడు. ఆయన చెయ్యి ఆయన్ను అడగకుండానే కలిపేది. సొంత కూతురు దగ్గర ఇంకా ఉదారం. నేను ఆరో తరగతిలో చేరినప్పుడు నా లంగాకు కింద మూడు మడతలు పెట్టి కుట్టి, ఏడాదికొక మడత విప్పుకుందాం అన్నాడు. నేను పెరిగితే గదా విప్పేది. మొదటి మడత పదో తరగతిలో విప్పినారు, రెండోది విప్పకుండానే ఆ లంగా చిరిగి దిండుగలీబు అయిపోయింది. (ఇంట్లో నా పేరు గిడ్డి. ఇద్దరు బిడ్డల తల్లినయినాక కూడా అదే పేరు.) పొట్టిగా ఉండేది నాకు బాధ కాదు, బెంచీలతోనే నాకు పగ. ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా నా కాళ్ళు ఏ తరగతి గదిలోనూ నేలను చూడలేదు. గంటసేపు గాల్లో వేలాడితే మొద్దుబారిపోయేవి. సారు ప్రశ్న అడిగితే లేచి నిలబడేదానికే తంటాలు, ఇంక జవాబు యాడిది. నా మార్కులు తక్కువ వచ్చినందుకు సగం కారణం ఆ బెంచీలే అని నేను ఇప్పటికీ వాదిస్తా. మిగిలిన సగం సంగతి వదిలేయండి.

డిగ్రీ అయినాక ఒక ఏడాది నాయన మిషను పక్కన కూర్చొని, సూదీ దారాల డబ్బా ముందర పెట్టుకొని చొక్కాలకు కాజాలు కుట్టినా. అది చెడ్డ పనేమీ కాదు, కాకపోతే రోజుకు అరవై డెబ్బై కాజాలు కుట్టినాక లోకంలో ఏ సందు కనపడినా దాని చుట్టూ దారం తిప్పాలనిపిస్తుంది. ఇంక నా బతుకు ఇంతే అనుకుంటాండగా కుందుర్పి పక్క ఒక పల్లెలో విద్యా వాలంటీరు ఉద్యోగం దొరికింది. ఏడో తరగతి దాకా ఉండే చిన్న బడి. చేరిన నెలకే ఆ పిల్లోళ్ళ మీద నాకు ఎంత ప్రేమ కుదిరిందంటే, ఆదివారం వస్తే బాధయ్యేది. అయితే వాలంటీరు అంటే ఏప్రిల్ దాకానే. మళ్ళా జూన్‌లో ఉండాలా వద్దా అనేది ఊరి బడి కమిటీ చెప్పాల. కమిటీ అంటే ఛైర్మనన్న. ఆయనకు యాభై దాటింటాయి, పెద్ద మీసాలు, గొర్రెల మంద, గట్టి గొంతు. ఆయనకు డిగ్రీ చదివిన మేనకోడలు ఒకామె ఉండాదనీ, ఆమె కూడా ఇదే ఉద్యోగం కోసం చూస్తాండాదనీ నేను చేరిన రోజే నాకు చెప్పినారు. ఒకరు కాదు, ఊరంతా చెప్పినారు. ఛైర్మనన్న ఎదురుపడినప్పుడల్లా ఆ కాజాల డబ్బా నా కళ్ళ ముందర ఆడేది.

ఆ ఏడు కరువుకు ఊరి బయట మూడు వేపచెట్లు నిలువునా ఎండిపోయినాయి. వాటిని పొయ్యి కిందికి పంచుకునే బదులు బడికి బెంచీలు చేయిద్దామని కమిటీలో అనుకున్నారు. అంతవరకూ పిల్లోళ్ళు తాడిపత్రి బండల మీద గోనెపట్టాలు పరుచుకొని కూర్చునేవాళ్ళు. మా హెడ్మాస్టరును అందరూ పెద్దసారు అనేవాళ్ళు. ఆయన నన్ను పిలిపించి, టైలరు కూతురివి గదమ్మా, కొలతలు నువ్వే తీసుకో, ఈ పని బాగొస్తే జూన్‌లో నీ పేరు నేనే ముందర చెప్తా అన్నారు. బాగా రాకపోతే ఏమని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరికీ తెలిసిన సంగతే.

నాకు ఆ పని అప్పజెప్పడమంటే ఆకలిగొన్నోళ్ళకు వంటిల్లు అప్పజెప్పడమే. ట్రైనింగులో ఒక మేడమ్ చెప్పిన మాట నాకు నోటికొచ్చు: కూర్చుంటే పాదాలు నేలకు ఆనాల, మోచేతులు బల్లకు ఆనాల. ఈ బడిలో ఒక్క బిడ్డ కాలు కూడా గాల్లో వేలాడకూడదని పట్టుపట్టినా. నాయన దగ్గరి పాత టేపు తెచ్చుకొని, మూడో తరగతి నుంచి ఏడు దాకా ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, మోకాలి నుంచి మడమ దాకా ఒక కొలత, కూర్చున్న చోటు నుంచి మోచేయి దాకా ఇంకో కొలత తీసినా. పిల్లోళ్ళకు అదొక తిరునాల. పొడుగు ఎక్కువ రాయించుకోవాలని అందరికీ ఆశే. మూడో తరగతిలో ఛైర్మనన్న మనవరాలు ఒకతి ఉండేది, అందరూ బుడ్డమ్మి అని పిలిచేవాళ్ళు. కూర్చోబెట్టి కొలుస్తాంటే కూడా మడమలు ఎత్తి, మెడ సాచి, ఉండండి టీచర్, ఇంకా నిక్కుతా అనేది. దాని మడమలు కిందికి నొక్కి పట్టుకునేసరికి నాకు చెమటలు పట్టినాయి.

కొలిచింది సరిగ్గానే కొలిచినా. రాసుకునేటప్పుడే ఉండాది కత. బుడ్డమ్మి మోకాలి కొలత పదకొండు వచ్చింది. నేను పదమూడు అని రాసినా. పొరపాటున కాదు, తెలిసే రాసినా. ఈ పిల్ల వచ్చే ఏడాది ఇట్లే ఉంటుందా, లంగా అయితే మడతలు పెట్టి కుట్టొచ్చు, కొయ్యకు మడతలు యాడ పెట్టేది, కాబట్టి ఇప్పుడే కలపాల అని నాకు నేను సర్దిచెప్పుకున్నా. ఆరో తరగతి నుంచి ఆ రెండు ఇంచుల వల్ల పడిన పాట్లన్నీ ఆ నిమిషంలో ఒక్కటీ గుర్తుకు రాలేదు. రక్తంలో ఉండే గుణం యాడికి పోతుంది. చిన్నవి, నడిమివి, పెద్దవి అని మూడు సైజులు చేసి, అన్నిటికీ రెండేసి ఇంచులు కలిపి, కాగితం పెద్దసారుకు ఇచ్చినా. ఆయన దాన్ని ముత్యాల్లాంటి చేతిరాతతో ఇంకో తెల్లకాగితం మీద తిరగరాసి ఆచారి తాతకు పంపినారు.

ఆచారి తాత ఊరి వడ్రంగి. బతుకంతా మడకలు, గొర్రులు, ఎద్దులబండ్లు చేసిన మనిషి. కరువు మొదలయినప్పటి నుంచి సేద్యం పని లేక ఆయన బాడిసెకు తుప్పు పట్టిపోయింది. బడి పని వచ్చేసరికి పదేండ్లు తగ్గినాడు. సాయంత్రం బడి వదిలినాక నేను పోయి చూస్తాంటే, పిల్లోళ్ళ తొడలకు ఈనె గుచ్చుకుంటుందని ప్రతి అంచునూ అరచేత్తో తడిమి తడిమి నున్నగ చేసేవాడు. పొడుగు ఎట్లుండాదో మాత్రం నేను చూడలేదు. కాళ్ళు బిగించక ముందు కొయ్య కొయ్యలాగే కనపడుతుంది గదా.

శివరాత్రి ముందర ఒక రోజు బెంచీలూ బల్లలూ ట్రాక్టరులో బడికి వచ్చినాయి. ఊరు ఊరంతా వచ్చింది. బొరుగులూ బెల్లమూ పంచినారు. ఆడవాళ్ళు వచ్చి బల్లలను నిమిరి నిమిరి చూసి, ఎంత గట్టిగా ఉండాయో అని మెచ్చుకున్నారు. ఛైర్మనన్న ముందర వరసలో ఒక బెంచీ మీద కూర్చొని, బల్ల మీద మోచేతులు ఆనించి, కాళ్ళు నేలకు చక్కగా పెట్టుకొని, శానా సుఖంగా ఉండాదప్పా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. నేనూ కొట్టినా. కొడతా కొడతా చూస్తే, ఆయన కూర్చున్నది మూడో తరగతి బెంచీ. నా చేతులు ఆడికాడికే నిలబడిపోయినాయి.

తర్వాత పిల్లోళ్ళను కూర్చోమన్నారు. కూర్చోలేదు, ఎక్కినారు. ఒకరికొకరు చెయ్యిచ్చుకొని, కింద నుంచి తోసుకొని, గోడ ఎక్కినట్టు ఎక్కినారు. పెద్దోళ్ళందరూ మురిసిపోయి ఇండ్లకు పోయినాక నేను హాజరు తీసుకున్నా. పేరు పిలిస్తే బల్ల వెనక నుంచి గొంతు వస్తాంది గానీ మనిషి కనపడరు. బుడ్డమ్మి పేరు పిలిస్తే ఒక చెయ్యి పైకి లేచింది, చెయ్యి కింద ఎవరూ లేరు. ఏడో తరగతి వాళ్ళ తలలు కండ్ల దాకా కనపడతాండాయి. ఒక్క కాలు నేలకు ఆనుంటే ఒట్టు. ఇరవై ముప్పై జతల కాళ్ళు వరసగా గాల్లో ఊగుతాండాయి.

మొదటి రెండు రోజులూ కొత్త మోజు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. మూడో రోజు నుంచి కాళ్ళు తిమ్మిరెక్కి దిగేటప్పుడు ఒకరి మీద ఒకరు పడేది మొదలయింది. నాలుగో రోజు నేను నల్లబల్ల మీద లెక్క రాసి వెనక్కి తిరిగితే తరగతిలో పురుగు లేదు. వంగి చూస్తే అందరూ బల్లల కింద, చల్లని బండల మీద పట్టాలు పరుచుకొని, బుద్ధిగా లెక్క ఎక్కించుకుంటాండారు. "ఈడ నీడగా ఉండాది టీచర్" అని బుడ్డమ్మి నన్ను కూడా పిలిచింది. మూడు వేపచెట్లు కొట్టి, నెల రోజులు చెక్కి, మేము పిల్లోళ్ళకు ఒక పందిరి వేసినామన్న మాట.

తప్పు యాడ మొదలయిందో నాకు తెలుసు. అయితే రెండు ఇంచులకు ఇంత ఎత్తు ఎట్ల వచ్చిందో మాత్రం ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు. పెద్దసారు గది దాకా పోయి చెప్పాలని నోరు తెరిచి, సున్నపుముక్కలు అయిపోయినాయి సార్ అని చెప్పి వచ్చినా. ఇట్ల మూడుసార్లు పోయినా. (సారు బీరువా నిండా సున్నపుముక్కలే ఉండాయి, ఆయన ఏమనుకున్నారో దేవుడికే తెలియాల.) చెప్తే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే పిల్లోళ్ళు బల్లల కిందనే ఉంటారు. నేను పిల్లోళ్ళ కోసం ఏడ్చినానో, కాజాల డబ్బాను తలుచుకొని ఏడ్చినానో నిజం చెప్పాలంటే నాకే తెలియదు.

నేను తేల్చుకోక ముందే బుడ్డమ్మి తేల్చేసింది. కాళ్ళు మొద్దుబారి బెంచీ మీద నుంచి పడి మోకాలు చెక్కుకుపోయి ఇంటికి పోయింది. ఆదివారం పొద్దున ఛైర్మనన్న మీటింగు పిలిచినాడు. కమిటీ వాళ్ళందరూ చిన్న బెంచీల మీద సుఖంగా కూర్చున్నారు. నాకు ఏడో తరగతి బెంచీ మిగిలింది. దాని మీదికి ఎక్కి, కాళ్ళు ఊపుకుంటా, ఉరిశిక్ష కోసం చూస్తాండే మనిషిలాగ కూర్చున్నా.

ఛైర్మనన్న మాట్లాడింది అంతా ఆచారి తాతతోనే. కాగితం మీద రాసిచ్చినా చెయ్యలేకపోయినావే, మడకలు చేసే చేతికి బెంచీలు యాడ తెలుస్తాయి, ఊరి చెట్లు మూడూ మట్టిపాలు చేసినావు అని గట్టిగా అడిగినాడు. తాత తలగుడ్డ తీసి చేతిలో పట్టుకొని నిలబడినాడు. కాగితం చూపించలేదు. ఎవరి పేరూ ఎత్తలేదు. వయసయిపోయింది, కన్ను తప్పింటుందప్పా అన్నాడు. అంతే. ఆ కన్ను తప్పలేదని నాకు తెలుసు. అంచులు తడిమిన ఆ చేతులు నేను రోజూ చూసినా. నేను నోరు మూసుకొని ఇంకో పది నిమిషాలు కూర్చుంటే మీటింగు అయిపోతుంది, జూన్ నాది. అట్లే కూర్చున్నా, ఒట్టు, సిగ్గు లేకుండా కూర్చున్నా. అప్పుడు ఛైర్మనన్న, ఇంక ఈయనకు ఊర్లో ఎవరూ కొయ్యపని చెప్పద్దండి అన్నాడు. కరువులో నాలుగేండ్లు పని లేక ఉండి, ఇప్పుడిప్పుడే మనిషయిన ముసలాయన్ను ఆ మాట అనేసరికి నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండిందంటే, నా మీదే.

బెంచీ మీద నుంచి దూకినా. దూకకుండా దిగే దారి లేదు దానికి. దబ్బుమని పడిన చప్పుడుకు అందరూ నా పక్క తిరిగినారు.

"తాతది కాదన్నా, తప్పు నాది. కొలిచినదానికి నేనే రెండు ఇంచులు కలిపి రాసినా. పెరిగే పిల్లోళ్ళు గదా అని."

పెద్దసారు తన పెన్ను మూత తీసి పెడతాండారు, తీసి పెడతాండారు. ఆచారి తాత నన్ను వింతగా చూసి, రెండేనా తల్లీ అని మెల్లగా అడిగినాడు. రెండే అన్నా. అయితే టేపు తెమ్మన్నాడు తాత. టేపు నా సంచిలోనే ఉండాది. మూడో తరగతి బెంచీని కొలిస్తే పద్దెనిమిది వచ్చింది. బుడ్డమ్మి మోకాలు పదకొండు. ఏడు ఇంచులు ఎక్కువ. అందులో నావి రెండు పోతే ఇంకా ఐదు. ఆ ఐదు యాడనుంచి వచ్చినాయని ఛైర్మనన్న అడిగితే పెద్దసారు గొంతు సవరించుకున్నారు. తిరగరాసేటప్పుడు ఒక ఇంచు కలిపినామప్పా, మా ఇంట్లో ముగ్గురు బిడ్డలను పెంచిన అనుభవం గదా అన్నారు. నాలుగు మిగిలింది. ఆచారి తాత తలగుడ్డను మళ్ళా తలకు చుట్టుకొని, తన అరచేతిలో నాలుగు వేళ్ళు అడ్డంగా చూపించినాడు. "బెత్తెడు నాది. కోసిన కొయ్యకు అతుకు పడదు, మిగిలితే మేలు గదా అనుకుంటి."

బెత్తెడంటే మూడు ఇంచులు. ఇంకా ఒకటి తక్కువ వస్తాంది. అందరమూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నాము. ఛైర్మనన్న మాత్రం దూలాల పక్క చూస్తాండాడు. ఆచారి తాత శానా మర్యాదగా, ఆ దినం గొర్రెలు తోలుకొని మా కొట్టం కాడికి వచ్చినావు గద నాయనా, గుర్తుండాదా అన్నాడు. ఛైర్మనన్న మీసం తడుముకున్నాడు. తన మనవరాలు బిన్నా, అందరికంటే తొందరగా పెరుగుతుందనీ, బెంచీ పొట్టి కాకుండా ఇంకొక ఇంచు వేయమనీ ఆయనే చెప్పిపోయినాడట. నలుగురమూ ఒకే బడి పిల్లోళ్ళ కోసం, ఒకరికి తెలియకుండా ఒకరు, తామొక్కరే ముందుచూపు ఉండేవాళ్ళమని నమ్మి కలిపినాము. కూర్చునే కొలతకూ కలిపినాము, మోచేయి కొలతకూ కలిపినాము.

ముందర ఎవరు నవ్వినారో తెలియదు. ఛైర్మనన్న నవ్వినాక మాత్రం ఎవరూ ఆగలేదు. పెద్దసారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నవ్వు తగ్గినాక నేను ఇంకా నిలబడే ఉండా. ఛైర్మనన్న నా పక్క చూసి తేల్చి చెప్పినాడు.

"టీచరమ్మను పంపాలంటే ముందర నేను ఊరిడిచి పోవాల. మనం ముగ్గురమూ టేపు వచ్చినాక చెప్పినోళ్ళము. ఈమె టేపు రాకముందే చెప్పింది. జూన్‌లో కూడా ఈమే ఉంటాది. మా మేనకోడలికి నేను చెప్పుకుంటా."

తర్వాత ఆయనే లేచి పోయి ఆచారి తాత చెయ్యి పట్టుకొని, ఏమనుకోవద్దు మామా అన్నాడు. తాత, నేను యాల అనుకుంటా నాయనా, రంపం తెచ్చుకుంటా ఉండు అన్నాడు.

మరుసటి రోజు కాగితమూ లేదు, అంకెలూ లేవు. పిల్లోళ్ళను ఒక్కొక్క సైజుకు ఒకరిని పిలిచి, పక్కన కూర్చోబెట్టి, బెంచీ కాలి మీదనే నేరుగా బొగ్గుతో గీత పెట్టినాము. బుడ్డమ్మి మడమలు ఈసారి ఛైర్మనన్నే నొక్కి పట్టుకున్నాడు. ఒక తల్లి చూసి చూసి ఉండబట్టలేక, కొంచెం ఎక్కువ ఉంచు తాతా, పెరిగే పిల్లోళ్ళు అనింది. ఆచారి తాత రంపం ఆపి ఆమెను ఒక చూపు చూసినాడు. ఆమె చంకలో బిడ్డనెత్తుకొని ఇంటికి పోయింది. కోసిన ముక్కలన్నీ బడి వంటకు పనికొచ్చినాయి. మా నలుగురి ముందుచూపూ కలిసి ఆ పూట అన్నమూ సాంబారూ ఉడికించింది.

మధ్యాన్నం అన్నాలు తిని వచ్చి అందరూ కూర్చున్నారు. హాజరు తీసుకుంటే మొగాలు కనపడినాయి, ముక్కులూ పండ్లూ అన్నీ కనపడినాయి. పాఠం మొదలు పెట్టేలోపల ముందర వరసలో ఎవరో పాదాలు నేలకు టపటప కొట్టి చూసుకున్నారు. నేల అందిందా లేదా అని పరీక్ష అనుకుంటా. పక్కవాళ్ళు కొట్టినారు. వెనక వరస అందుకుంది. ఒక్క నిమిషంలో గదంతా దబదబదబ, బండలు అదిరిపోతాండాయి, ఒకరి మాట ఒకరికి వినపడదు. పెద్దసారు తన గదిలోనుంచి పరుగెత్తుకొని వచ్చి వాకిట్లో నిలబడినారు, ఆయన ఏమి అరిచినారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇదంతా జరిగి ఇరవై ఏండ్లు దాటింది. ఇప్పుడు నేను ముదిగుబ్బ పక్క ఒక హైస్కూల్లో పర్మనెంటు టీచరును. గట్టి టీచరని పేరు. నా తరగతిలో ఎవరి కాలయినా నేలకు తగిలి చిన్న చప్పుడయితే చాలు, రాసేది ఆపి, ఎవరది అని వెనక్కి తిరుగుతా, పిల్లోళ్ళందరూ కాళ్ళు ముడుచుకుంటారు. ఆ మధ్యాన్నం కుర్చీ అంచుకు జరిగి, పెద్దసారు చూస్తాండారని తెలిసి కూడా, పిల్లోళ్ళకంటే గట్టిగా రెండు కాళ్ళూ నేలకేసి కొడతా కండ్లలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది ఒక ఇరవై రెండేండ్ల టీచరు. పాపం, ఆ పిల్ల ఇప్పుడు నా తరగతిలో ఉండింటే, చెవి మెలేసి బయట నిలబెట్టుంటా.